నాంచారి సినిమా పుస్తకం

అనగనగా, తెరమీద బొమ్మ కదలడమే వింతగా చెప్పుకునే రోజుల్లో, వేణుగిరి అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాన్ని ఏలే రాజుగారు మంచివారే. కానీ పెద్ద వయసు, మోకాళ్ళ నొప్పులు. కోట దాటి చాలా ఏళ్ళయింది.

ఆ ఏడు వానలు పడలేదు. గుండ్లమెట్ట, రేగడిపాలెం, సున్నపుదిబ్బ అనే మూడు ఊళ్ళలో తాగడానికి నీళ్ళు లేవని రాజుగారికి తెలిసింది. ఊరికొక బావి తవ్వించమని దివాను ముకుందరాయుణ్ణి ఆజ్ఞాపించారు. దివాను చేతులు కట్టుకుని చిత్తమన్నాడు. తవ్విన బావులను సినిమా తీయించి తెస్తాననీ, ప్రభువులు కూర్చున్నచోటనే చూడవచ్చనీ విన్నవించాడు.

రాజుగారు సంతోషించారు. ఆ సినిమాలు కోట బడిలో పిల్లలకూ చూపించమన్నారు. చూసినవాళ్ళు ఏం చూశారో పుస్తకంలో రాయాలనీ, వాటిని తాను చదువుతాననీ చెప్పారు. ముప్పైయొక్క మంది పిల్లలకు ముప్పైయొక్క పుస్తకాలు కుట్టించి, ప్రతి కాగితం మీదా రాజముద్ర వేయించారు. ముద్ర ఉన్న కాగితం చింపితే రాజాజ్ఞ మీరినట్టే.

ఆ బడిలో నాంచారి అని పదేళ్ళ పిల్ల ఉండేది. సున్నపుదిబ్బలో సున్నం కాల్చేవాళ్ళ అమ్మాయి. ఆమె బడికి బయలుదేరే వేళకు తల్లి రెండు బిందెలతో వాగుకు బయలుదేరేది. అక్కడ ఇసకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళు దోసిలితో ఎత్తుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరేది.

మొదటి నెలలో గుండ్లమెట్ట బావి సినిమా వచ్చింది. గదిలో తలుపులు మూశారు. తెల్లగుడ్డ మీద బావి కనబడింది. దివాను చేద వేసి నీళ్ళు తోడాడు. పక్కన ఒక గేదె నీళ్ళు తాగింది.

శేషాచలం పంతులు నల్లబల్ల మీద నాలుగు వాక్యాలు రాశాడు. దివానుగారి దయ సముద్రమనీ, వారి కీర్తి చంద్రికలనీ. ముప్పైమందీ అదే ఎక్కించుకున్నారు. నాంచారి మాత్రం ఇలా రాసింది: "బావి గట్టు మీద ఒక రాయి పగిలి నెలవంకలా ఉంది. గేదెకు ఎడమ కొమ్ము లేదు. గుండ్లమెట్టకు నీళ్ళు వచ్చాయి. నాకు సంతోషం."

పంతులు ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాడు. గేదె సంగతి ఎవరడిగారని కసిరాడు.

రెండో నెలలో రేగడిపాలెం బావి సినిమా వచ్చింది. నాంచారి కళ్ళు చిట్లించి చూసింది. అదే నెలవంక రాయి. అదే ఒంటికొమ్ము గేదె. చూసింది చూసినట్టు రాసింది. పంతులు ఈసారి రెండు గీతలు కొట్టి, ఎండలో నిలబెట్టాడు. నిజం రాసిన పిల్ల ఎండలో. అబద్ధం రాయించిన పెద్దమనిషి నీడలో. ఆ బడిలో ధర్మం అలా ఉండేది.

మూడో నెలలో వచ్చింది సున్నపుదిబ్బ బావి సినిమా. తెర వెలగగానే మళ్ళీ ఆ రాయి, మళ్ళీ ఆ గేదె.

నాంచారి ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడింది.

"పంతులుగారూ, ఇది మా ఊరు కాదు. మా ఊళ్ళో బావి లేదు. పొద్దున మా అమ్మ వాగుకే వెళ్ళింది."

పంతులు ముఖం పాలిపోయింది. నాంచారి కూర్చుని అదే మాట పుస్తకంలో రాసింది. కింద ఇంకొకటి కూడా రాసింది: "మూడు నెలలుగా మాకు చూపిస్తున్నది ఒకటే బావి."

కబురు అందుకుని దివాను వచ్చాడు. ఊరి పెద్దలు మొరపెట్టుకోవడానికి వస్తే కోటవాకిట్లోంచే తరిమేయించిన మనిషి అతడు. పదేళ్ళ పిల్ల అతనికొక లెక్కా? ఆ మాటలు నీ చేత్తో నువ్వే కొట్టెయ్యి, లేదా రేపటినుంచి బడికి రావద్దు అన్నాడు.

దివాను కలం చాపాడు. నాంచారి అందుకోలేదు.

"కొట్టేసేది మీరు కొట్టేయండి. నేను కొట్టెయ్యను. నేను చూసింది ఇదే."

దివాను ఆమెను బడినుంచి వెళ్ళగొట్టించాడు. చింపడానికి ధైర్యం చాలక, పంతులు ఆ పుస్తకాన్ని చాపకింద దాచాడు. మిగిలిన ముప్పై పుస్తకాలూ రాజుగారికి పంపాడు.

రాజుగారు ఒకటి చదివారు. రెండోది చదివారు. మూడోది విప్పేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. ముప్పై పుస్తకాల్లోనూ ఒక్క అక్షరం తేడా లేదు. ముప్పై జతల కళ్ళు చూస్తే ఒకటే మాట ఎలా వస్తుందని పంతుల్ని పిలిపించి అడిగారు. ముప్పైయొకటో పుస్తకం ఏదని కూడా అడిగారు. పంతులు ఏడుస్తూ తెచ్చి ఇచ్చాడు.

ఎర్రగీతల కింద ఉన్నదంతా రాజుగారు చదివారు. నెలకొకటిగా తాను ఇదివరకే చూసిన మూడు సినిమాలనూ ఈసారి వరసగా వేయించి చూశారు. తరవాత నొప్పికాళ్ళతోనే పల్లకీ ఎక్కి, ముందు సున్నపుదిబ్బకు వెళ్ళారు. అక్కడ బావి లేదు, పిల్లల పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఒంటికొమ్ము గేదె కోసం భటులు నాలుగు దిక్కులా వెతికితే, అది దివాను మామిడితోటలో దొరికింది. నెలవంక రాయి బావీ అక్కడే ఉంది. ఊళ్ళకు తవ్వాల్సిన బావిని తన తోటలో తవ్వించుకుని, ఊళ్ళ గొంతులు ఎండగట్టి, ఆ నీళ్ళతో మామిడిచెట్లు తడుపుకుంటున్నాడు!

రాజుగారు నాంచారిని పిలిపించారు. నిండుసభలో ఆమె ముందు తల వంచారు.

"ఆ సినిమాలు నేనూ మూడుసార్లు చూశాను, తల్లీ. చూసి మురిశాను గానీ పరికించలేదు. తప్పు నాది కూడా."

నాంచారి తిరిగి బడికి వచ్చింది. బల్ల మీద రాసి పిల్లలచేత ఎక్కించే పద్ధతిని రాజుగారు నిషేధించారు. పంతుల్ని పంతులుగానే ఉంచారు గానీ, పిల్లలు రాసిందాన్ని పైకి చదివి వినిపించడమే అతని పనిగా చేశారు. ఇక దివాను పదవి పోయింది. మూడు ఊళ్ళలో బావులు పడేవరకూ తన తోటబావి నీళ్ళు కావడితో మోసి ఇంటింటికీ పోయాలని రాజుగారు తీర్పు చెప్పారు.

మొదటిరోజు దివాను ఎండలో రొప్పుతూ వచ్చి నాంచారి ఇంటిముందు కావడి దించాడు. నాంచారి తల్లి కుండలోకి తొంగి చూసింది.

"సగమే ఉన్నాయి," అంది. "మళ్ళీ వెళ్ళి రండి."

దివాను మళ్ళీ కావడి ఎత్తుకున్నాడు.

అందుకే పెద్దలు అంటారు: నలుగురూ రాసింది రాసేవాడు అబద్ధానికి కాపలాదారు, చూసింది చూసినట్టు రాసేవాడే లోకానికి మేలు చేసేవాడు.