పీరు సాయిబు సైకిలు

హుసేనప్ప అప్పటికి రెండుసార్లు ఆకాశానికి నిచ్చెన వేసి, రెండుసార్లూ నడుం విరగ్గొట్టుకున్నాడు.

విమానాలు లోకానికి కొత్తగా వస్తున్న రోజులవి. సముద్రాల అవతల మనుషులు ఎగురుతున్నారని విన్నప్పట్నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు. ఊరంతా పీరు సాయిబని పిలిచే గురువు గఫార్ షా ఉండే కొండమీది దర్గా పక్కనే, వెదుళ్లూ నూలుగుడ్డా తెచ్చి, మనిషిని మోసే రెక్కల బండి కట్టాడు. దానికి ఇంజను లేదు. వాలు మీద పరుగెత్తి గాల్లోకి దూకడమే.

రెండుసార్లూ అది అటూ ఇటూ ఊగి బోర్లాపడింది. ఊగడమే దాని రోగమని తేల్చుకున్నాడు హుసేనప్ప. రెక్కల కొసల్నీ తోకనీ తిప్పే తాళ్లన్నిటినీ బిర్రుగా లాగి ముళ్లేశాడు. ఇక ఏనుగు గుద్దినా కదలదన్నాడు. తెల్లారితే కొండ అంచు నుంచే దూకుతానన్నాడు. అంచు కింద అన్నీ బండలే. అతని తల్లి వచ్చి షా కాళ్లమీద పడి ఏడ్చిపోయింది.

ఆ సాయంత్రం దీవెన కోసం వచ్చిన హుసేనప్ప ఒక్కమాట అడిగాడు.

"బాబా, ఎందరో పండితులు లెక్కలు కట్టి, రెక్కలు చేసి, కిందపడినారంట. ఆఖరికి సైకిళ్లు చేసి అమ్ముకునే అన్నదమ్ములు ఎగిరినారంట. వాళ్లకేం తెలిసుంటాది?"

షా గడ్డం నిమురుకున్నాడు. "దీవెనకేముందిలే అబ్బీ. దీపాల్లోకి నూనె లేదు. ముందు ఊళ్లోకి పోయి తేపో. నా సైకిలు తీసుకో."

ఆ సైకిలంటే షాకు ప్రాణం. ముసలితనంలో జుబ్బా ఎగ్గట్టి ఆయన దానిమీద వస్తుంటే ఊళ్లో మేకలు కూడా దారిచ్చి చూసేవి.

హుసేనప్ప ఎక్కబోతుంటే షా ఆపాడు. తన తలపాగా విప్పి, హ్యాండిలు ఎటూ తిరగకుండా కింది కడ్డీకి బిగించి కట్టేశాడు.

"ఇదేంది బాబా?"

"ఊగితే పడతావు కదబ్బీ. ఊగకుండా కట్టినా. ఇంక నీకు భయంలేదు."

గురువు మాట కాదనలేక ఎక్కాడు. నాలుగు బారలు పోయాడో లేదో సైకిలు పక్కకి ఒరిగింది. తిప్పుకుందామంటే హ్యాండిలు తిరగలేదు. నేరుగా దర్గా పక్కనున్న మేకల దొడ్డి బురదలో పడ్డాడు. రోషంగా లేచి మళ్లీ ఎక్కాడు. మళ్లీ అదే బురద. షా పొట్ట పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

తర్వాత కట్టు విప్పి, తనే ఎక్కి, దర్గా ముంగిట ఒక చుట్టు తిరిగాడు. హుసేనప్ప ముఖం మీది బురద తుడుచుకుంటూ ఆయన చేతులనే చూశాడు. హ్యాండిలు ఒక్క క్షణం కుదురుగా లేదు. ఎటు ఒరిగితే అటు తిరుగుతోంది. ముసలాయన మాత్రం కూనిరాగం తీస్తూ హాయిగా పోతున్నాడు.

హుసేనప్పకు నవ్వు ముంచుకొచ్చింది. ఎంత వెర్రివాణ్ణి! నూనె సంగతి మరిచి రెక్కల బండి దగ్గరికి పరుగెత్తాడు. గోళ్లతో, పళ్లతో తాళ్ల ముళ్లన్నీ విప్పాడు. మర్నాడు కొండ అంచుకు పోలేదు. ఆ వేసవంతా మట్టి దిబ్బల మీంచి దూకుతూ, పడుతూ, ఏ తాడు ఎప్పుడు లాగాలో చేతులకు నేర్పుకున్నాడు.

చల్లగాలి వీస్తున్న ఒక ఉదయం ఊరంతా చూస్తుండగా కొండ అంచు నుంచి దూకాడు. ఒక రెక్క ఒరిగింది, సర్దుకుంది. రెండోది ఒరిగింది, అదీ సర్దుకుంది. అతని తల్లి షా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బాబా, ఊగుతా ఉండాడు! నా బిడ్డ ఊగుతా ఉండాడు!"

షా ముఖం వెలిగిపోయింది.

"ఊగనీ తల్లీ. నడుపుతా ఉండాడు."