నలుగురన్నదమ్ముల ఫోను

జగ్గంపేట మొత్తం మీద తమంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదని గవర్రాజుకి గట్టి నమ్మకం. గవర్రాజు క్లారినెట్ వాయిస్తాడు. తమ్ముళ్ళలో నూకరాజుది డ్రమ్ము, భద్రానిది బాకా, సత్తిపండువి తాళాలు. నలుగురూ కలిస్తే బ్యాండ్ మేళం. వాళ్ళింట్లోకి ఏ వస్తువొచ్చినా నలుగురికీ సమానంగా పంచాల్సిందే. గొడుగు కొంటే గుడ్డ ఒకడికి, ఊచలు ఒకడికి, కర్ర ఒకడికి, పిడి ఒకడికి. వానొస్తే నలుగురూ తడుస్తారు, అదీ సమానంగానే.

"ఏ ఇంట్లోనైనా వాటాల గొడవుంటుంది. మనింట్లో ఉందా? అదీ బుర్రంటే!" అనేవాడు గవర్రాజు మీసం దువ్వుకుంటూ.

చిక్కల్లా ఫోనుతో వచ్చింది. పాత ఫోన్ని కంపెనీవాళ్ళు జిగురేసి అతికించేశారు. పంచుకుందామంటే ఊడదే! నూకరాజు బొండాలు కొట్టే కత్తి తెచ్చి ఒక్క వేటు వేశాడు. అంతే! పంపకం బ్రహ్మాండంగా జరిగింది గానీ ఫోను మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే మిల్లు సుబ్బారాయుడు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. "మా అమ్మాయి పెళ్ళికి మీ మేళమే అనుకుంటున్నా. గురువారం ఫోన్ చేస్తా. మీరు పలక్కపోతే అప్పన్న మేళాన్ని మాట్లాడుకుంటా."

అప్పన్నంటే ఇంకెవరో కాదు, గవర్రాజు సొంత బావమరిది. ఈ పెళ్ళి కూడా వాడికి పోతే అత్తారింట్లో తలెత్తుకోవడం ఎలా? గవర్రాజు కండువా దులిపి లేచాడు. తమ్ముళ్ళని వెంటేసుకుని యామిని నడిపే ఫోన్ల షాపుకి పరిగెత్తాడు.

"అమ్మాయ్, విప్పితే ఊడే ఫోన్ కావాలి," అన్నాడు.

యామిని మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకి తెలివైన బేరం తగిలింది బాబాయ్ గారూ! ఇదిగో, గోటితో వెనక మూత తియ్యొచ్చు. బ్యాటరీ, తెర, స్పీకరు, మైకు, అన్నీ మరలు విప్పితే విడివిడిగా వస్తాయి. ఏ ముక్క పాడైతే ఆ ముక్కే మార్చుకోవచ్చు, ఫోన్ మొత్తం పారెయ్యక్కర్లేదు. పైగా లోపల నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళిచ్చిందే ఉండాలని లేదు. మీకు నచ్చింది ఎక్కించుకోవచ్చు."

"ఎవరికి నచ్చింది?" అన్నాడు సత్తిపండు.

"ఎవరి ఫోనైతే వాళ్ళకి."

"నలుగురిదీనూ!"

ఇంకేముంది, ఫోనొకటే కొన్నారు గానీ నలుగురికీ నాలుగు రకాల సాఫ్ట్‌వేర్లు నచ్చాయి. సోమవారం గవర్రాజుది ఎక్కించారు. మంగళవారం నూకరాజు వచ్చి అది తీయించి తనది పెట్టించాడు. బుధవారం భద్రం. గురువారం షాపు తెరవకముందే సత్తిపండు మెట్ల మీద కూర్చున్నాడు.

"మార్చినప్పుడల్లా ఫోన్లో నంబర్లన్నీ పోతాయి బాబూ. వేరేచోట రాసి పెట్టుకున్నారా?" అంది యామిని.

"మా నూకరాజన్నయ్య డ్రమ్ము మీద రాసుకున్నాం," అన్నాడు సత్తిపండు ధీమాగా. ఆ డ్రమ్ము మీద నూకరాజు రోజూ సాధన చేస్తాడు. తొమ్మిదులు సున్నాలయ్యాయి, ఏడులు ఒకట్లయ్యాయి, సుబ్బారాయుడు గారు పూర్తిగా చెరిగిపోయారు.

ఫోను ఇంటికి రాగానే మరలు విప్పి ఎవరి వాటా వాళ్ళు పెట్టెలో పెట్టుకున్నారు. గవర్రాజు తెర, నూకరాజు మైకు, భద్రం స్పీకరు, సత్తిపండు బ్యాటరీ. సుబ్బారాయుడు గారు ఫోన్ చేసేది ఇవాళేనని గుర్తొచ్చి, ముక్కలు మళ్ళీ కలిపి మరలు బిగించారో లేదో ఫోను మోగింది.

గవర్రాజు తెర చూసి ముఖం చిట్లించాడు. "ఉత్త అంకెలే ఉన్నాయిరా. పేరు లేదు. పేరైనా లేనివాడితో మనకేం పని?" ఠక్కున కట్ చేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాడు. మూడోసారి సత్తిపండుకి జాలేసింది. "పోనీలే అన్నయ్యా, పాపం, పేరు లేదని వాడికి తెలుసో లేదో. చెబుదాం."

గవర్రాజు ఫోనెత్తి చెవి దగ్గర పెట్టుకోబోయాడు. భద్రం చెయ్యి పట్టుకున్నాడు. "స్పీకరు నాది. వినేది నేను."

"మైకు నాది. మాట్లాడేది నేను," అన్నాడు నూకరాజు.

న్యాయమే కదా! భద్రం చెవికి ఆనించుకుని విన్నాడు. తలూపాడు. మళ్ళీ విన్నాడు. మళ్ళీ తలూపాడు.

"ఏం అడిగార్రా?" అన్నాడు నూకరాజు.

"నేను వినడం వరకే. అడిగింది నీకు చెబితే అది మాట్లాడ్డం అవదూ? నీ వాటా నేనెందుకు తింటాను?"

ఏం అడిగారో తెలియక నూకరాజు ఫోను లాక్కుని, "అవునండి, కాదండి, చూద్దామండి!" అని అన్నిటికీ సరిపోయేలా ఒకేసారి జవాబిచ్చేశాడు. అటునుంచి కేక గవర్రాజు దాకా వినబడింది గానీ, అతను చెవులు మూసుకున్నాడు. పరాయి వాటా వినకూడదు కదా. భద్రం మళ్ళీ విన్నాక అటువాళ్ళు ఫోను పెట్టేశారు.

"సుబ్బారాయుడు గారే అన్నయ్యా! మేళం మనదేనట! ఒక్క మాట చెప్పారు."

"భద్రం, ఆ మాట నువ్వొక్కడివే ఉంచుకుంటావా?" అన్నాడు గవర్రాజు.

భద్రం నాలిక్కరుచుకుని మాటని నాలుగు ముక్కలు చేశాడు. సత్తిపండుకి 'రేపు'. తనకి 'పొద్దున్న ఏడింటికల్లా'. నూకరాజుకి 'మిల్లు పక్క పందిట్లో'. పెద్దవాడని గవర్రాజుకి ఆఖరి ముక్క, 'ఉండండి'. ఎవరి ముక్క వాళ్ళు గుండెల్లో దాచుకున్నారు.

నూకరాజు అప్పుడే వెళ్ళి పందిట్లో కూర్చున్నాడు. పెళ్ళి కనబడలేదు, చీకటి పడగానే తిరిగొచ్చి పడుకున్నాడు. తెల్లారి ఏడింటికల్లా భద్రం బాకా పట్టుకుని గుమ్మంలో తయారు, ఎక్కడికో తెలీదు. సత్తిపండు, "నాది రేపు కదా, ఇవాళ లేపుతారేం?" అని దుప్పటి కప్పుకున్నాడు. గవర్రాజు కొత్త చొక్కా వేసుకుని అరుగు మీద ఉన్నాడు. ఉండమన్నారు, ఉన్నాడు.

కాసేపటికి వీధిలో మేళం వినబడింది. ముందు అప్పన్న, వెనక పెళ్ళివారు. మేళం వీధి దాటి ఆగగానే ఫోను మోగింది. భద్రం విని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, స్పీకరు ఊడదీసి అన్న చేతిలో పెట్టాడు. "ఇది పాడైపోయింది అన్నయ్యా. దీంట్లోంచి అప్పన్న నవ్వొస్తోంది."

గవర్రాజు ఒక్క ఉదుటున షాపుకెళ్ళాడు. "అమ్మాయ్, పాడైన ముక్క మార్చుకోవచ్చన్నావుగా? ఇది తీసేసి, సుబ్బారాయుడు గారు పిలిచేది వెయ్యి."

యామిని రెండు చేతులతో తల పట్టుకుంది.

"బాధపడకమ్మా, పాతది నువ్వేం ఉంచుకోనక్కర్లేదు," అన్నాడు గవర్రాజు ఓదార్పుగా. "నాలుగు ముక్కలు చేసి ఇచ్చెయ్. అప్పన్న నవ్వు భద్రం ఒక్కడే ఎందుకు భరించాలి?"