బీరప్ప మీసంలో తెల్ల వెంట్రుక

ఈ కొండలింకా మోకాలెత్తు పిల్లలుగా ఉన్న కాలంలో, అనగనగా గొంగళ్లు నేసే ఒక ఇల్లుండేది. ఆ ఇంటి మగవాళ్లు మీసం దువ్వితే మబ్బులు చెదిరిపోయేవి! ఏం లాభం? ముత్తాతకు మీసం నెరవలేదు. తాతకు నెరవలేదు. పేగుల్లో గడ్డ లేచి నల్ల మీసాలతోనే పోయారు. ఓబులక్క కోడలిగా గడప తొక్కేసరికి మామ కూడా అదే గడ్డతో మంచం పట్టి ఉన్నాడు.

ఓబులక్క మేకలు కాసే ఇంటి పిల్ల. ఆమె పిలిస్తే అడవిలో ఆకులన్నీ పలికేవి!

"ఏ ఆకైనా వేసి మీ మామను బతికించవే తల్లీ!" అని అత్త బతిమాలింది.

"లేచిన గడ్డను ఆకు కరిగించలేదత్తా. లేవకముందే అడ్డం పడాల" అని ఓబులక్క ఏడ్చింది.

మామ పోయాడు. ఆమె తన మొగుడు బీరప్ప మీసం వైపు చూసింది. 'ఈ మీసం నెరవాల!' అని ఒట్టేసుకుంది.

ఇక రోజూ సంగటికి ముందు ఆకు ముద్ద. గురుగాకు, చెంచలాకు, పొనగంటాకు. పసుపూ తెల్లగడ్డలూ వేసి ఎనిపి పెట్టేది.

"నేనేమన్నా మేకనా?" అని కసిరాడు బీరప్ప.

"పేగుగడ్డతో చచ్చిన మేకను ఎప్పుడన్నా చూసినావా? తిను!"

తిన్నాడు. "రాని రోగానికి మందంట!" అని ఊరు పకపకా నవ్వింది.

కరువొచ్చింది. రాళ్లు కూడా దాహమని అరిచాయి. ఓబులక్క ఒక్క అంగలో మూడు కొండలు దాటి ఆకు తెచ్చింది. పులి అడ్డమొస్తే, "జరుగు, మా ఆయన కూటికి కూర్చునే పొద్దయింది" అంది. జరక్కేం చేస్తుంది పులి!

తండ్రి పోయిన వయసు బీరప్పకూ వచ్చింది. కడుపు గుర్రుమన్నా గడ్డేనని వణికాడు. ఓబులక్క పైకి నవ్వేది, పొయ్యి ముందు కళ్లు తుడుచుకునేది. ముద్ద మాత్రం మానలేదు.

ఒకనాటి పొద్దున ఆమె కేక పెట్టింది. "కదలొద్దు!"

"ఏందే, తేలా?"

"తెల్ల వెంట్రుక!"

డప్పులు మోగాయి. బీరప్ప ఆమెను భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. నవ్వినవాళ్లే కూటి తట్టలు పట్టుకుని, "మాక్కూడా ఒక ముద్ద అక్కా" అని వరసకట్టారు.

మీసం మొత్తం పత్తిలా విచ్చుకునేదాకా చూసి, నవ్వుతూ కన్నుమూసింది ఓబులక్క.

ఇప్పటికీ అక్కడ మీసంలో మొదటి తెల్ల వెంట్రుక కనబడితే పీకరు. ఆమె పేర ఆకు ముద్ద తీసిపెట్టి, డప్పు కొట్టిస్తారు. ఎవరైనా తట్టలో ఆకుకూర పక్కకు నెడితే, ఆడవాళ్లు గరిటె ఎత్తి అడుగుతారు: "ఏమయ్యో, మీసం నెరవాలని లేదా?"