గట్టుకు మన్ను ఎక్కడిది

గురువమ్మకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న వేసినా జవాబు చెప్పేది కాదు, "మీ ఇల్లెక్కడ?" అని అడిగేది. కొండవాలున తాటాకు పాకలో ఉండే ఆ ముసలామె దగ్గర నాలుగు వేదాంతం ముక్కలు ఏరుకుపోదామని ఉత్తరీయాలు సర్దుకుంటూ వచ్చిన పెద్దమనుషులకు ఈ మాట బొత్తిగా రుచించేది కాదు. మోక్షం సంగతి అడిగితే ఇంటి సంగతి అడుగుతుందేమిటని గొణుక్కుంటూ దిగిపోయేవాళ్ళు. చివరికి మిగిలింది కొద్దిమంది ఆడవాళ్ళు. వాళ్ళలో అసిరితల్లి ఒకతె.

అసిరితల్లి ఒకనాడు అడిగింది. "అమ్మా, జాగ్రత్త పెరిగేకొద్దీ భయం తగ్గాలి గదా. నాకు జాగ్రత్తా పెరుగుతోంది, భయమూ పెరుగుతోంది. ఇదేం వింత?"

"మీ ఇల్లెక్కడే?"

"ఎరగనట్టు అడుగుతావేటమ్మా! దిగువ వీధి చివరిల్లు గదా."

"ముసురు పట్టినప్పుడొస్తాను" అని గురువమ్మ తిరగలి దగ్గరికి లేచిపోయింది.

అసిరితల్లి భయం ఊరికే పుట్టింది కాదు. మూడేళ్ళ కిందట తుపానులో ఎదురింటి గౌరమ్మ మీద మట్టిగోడ కూలింది. పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మన్ను తోడి ఆమెను బయటికి తీసినవాళ్ళలో అసిరితల్లి ఉంది. గౌరమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది, ఎవరు లాగినా వదల్లేదు. అప్పటినుంచి మబ్బు కమ్మితే చాలు, అసిరితల్లి పొయ్యి ముందునుంచి లేచి బయటికి వచ్చేసేది. ఊళ్ళో మగవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆడదాని భయానికి పిరికితనమనీ, తమ భయానికి ముందుచూపనీ పేరు పెట్టుకోవడం వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య.

వీధిలో పారిన నీళ్ళే గౌరమ్మ గోడను తినేశాయని అందరూ అన్నారు. అసిరితల్లి ఆ మాట పట్టుకుంది. పెనిమిటి ఇటుకబట్టీల పనికి దూరదేశం పోయి ఉన్నాడు. ఇంట్లో ఉన్నది తనూ, తుంటి విరిగి మంచాన పడ్డ అత్త నరసాయమ్మా. వీధి నీళ్ళు లోపలికి రాకుండా వాకిలి చుట్టూ మట్టిగట్టు వేసింది. ఏటేటా వానలకు ముందు దాన్ని జానెడు పెంచింది. వీధి మన్ను మాత్రం ముట్టుకోలేదు. అది గౌరమ్మ పాడె నడిచిన మన్ను, చావు తొక్కిన మన్ను గడపలోకి రాకూడదు. అందుకని చూరు కింద, గోడవార, రోజూ పేడనీళ్ళు చల్లి ఊడ్చుకునే సొంత వాకిలి మన్నే తవ్వుకుంది. మెత్తగా ఉంటుంది, గునపానికి తేలిగ్గా లేస్తుంది. మూడో ఏటికి గట్టు తొడ దాకా లేచింది. వాకిట్లోకి రావాలంటే చీర ఎత్తిపట్టి దాటాలి.

"గట్టు వేస్తున్నావా, కోట కడుతున్నావా కోడలా?" అని మంచం మీంచి నరసాయమ్మ ఎకసెక్కాలాడేది. "రాజుగారు దండెత్తి వస్తే ఓ కేక వెయ్యి, కిరీటం పెట్టుకుంటాను."

ఆ ఏడు ముసురు పట్టింది. రెండు రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. మూడో రోజు పగటిపూట, తాటాకు గిడుగు నెత్తిన వేసుకుని, కర్ర పొడుచుకుంటూ గురువమ్మ వచ్చింది. గట్టు దాటలేక అవతలే నిలబడింది. వీధిలో నీళ్ళు ఆమె చీలమండల దాకా ఉండి, గలగలమంటూ కిందికి పోతున్నాయి.

"చూశావామ్మా" అంది అసిరితల్లి, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే. "ఒక్క చుక్క లోపలికి రానివ్వలేదు."

"గుప్పెడు ఊక తేవే."

తెచ్చింది. గురువమ్మ చెయ్యి చాపి ఆ ఊకను గట్టు లోపలి పక్కన నీళ్ళ మీద చల్లింది. ఊక కాసేపు ఎటూ తోచనట్టు అక్కడే తిరిగింది. తర్వాత కదిలింది. వీధివైపు కాదు, ఇంటివైపు. వాకిలి మధ్య దాటింది, తులసికోట దాటింది, చూరు నీళ్ళు కుండపోతగా పడుతున్న చోటికి పోయింది. పోయి గోడకు అంటుకుంది. గోడవార ఎంత లోతుందో అప్పుడు కనపడింది అసిరితల్లికి. ఇంటికప్పు మీది వాన, వాకిట్లో పడ్డ వాన, మూడు రోజులది, అక్కడే నిలబడి గోడ పాదాలు నాకుతోంది.

"ఆ గట్టుకు మన్ను ఎక్కడిదే?" అంది గురువమ్మ.

అసిరితల్లి గోడవారకేసి తిరిగింది. గోడలోంచి గుప్పెడంత మట్టిపెళ్ళ ఊడి నీళ్ళలో బుడుంగున పడింది. తర్వాత ఇంకొకటి. ఆ గోడకు లోపలి పక్కన నరసాయమ్మ మంచం ఉంది.

ఒక్క అంగలో లోపలికి దూకింది. గోడకు అరచెయ్యి ఆనిస్తే చల్లగా, మెత్తగా, చేప ఒళ్ళులా తగిలింది. మంచం పట్టెలు పట్టుకుని వెనక్కి ఈడ్చింది.

"తుంటి, తుంటి! నన్నెక్కడికి మోస్తున్నావే? అత్తారింటికా?"

"నోరు మూసుకో అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

ఆ గొంతు విని నరసాయమ్మ నిజంగానే నోరు మూసుకుంది. మంచం పెరటి గదిలోకి చేరింది. అసిరితల్లి గునపంతో వాకిట్లోకి పరిగెత్తింది. గట్టు ముందు గునపం ఎత్తి ఆగిపోయింది. మూడేళ్ళు తన చేతులతో పెంచిన గట్టు అది. అవతల వీధి నీళ్ళ చప్పుడు. గౌరమ్మ గరిటె కళ్ళముందు ఆడింది.

"తెంపితే వీధంతా లోపలికొచ్చేస్తుందమ్మా!"

గురువమ్మ తన కాళ్ళకేసి చూపించింది. చీలమండల దాకా నీళ్ళు. అసిరితల్లి తన కాళ్ళకేసి చూసుకుంది. మోకాళ్ళ దాకా.

కళ్ళు మూసుకుని గునపం వేసింది. నాలుగో పోటుకు గట్టు తెగింది. వాకిట్లో నీళ్ళు ఒక్కసారి అరుస్తూ వీధిలోకి దూకాయి. ఊకంతా కొట్టుకుపోయింది. సగం నీళ్ళు పోయాయో లేదో, తన వెనక ఇంటి గోడ నిట్టూర్చినట్టయింది. రెండు బారల మేర కూర్చుండిపోయింది, సరిగ్గా మంచం కోళ్ళు ఆని గుంటలు పడ్డ చోట.

వాన వెలిశాక వారం రోజులు పట్టింది. గోడ కూలినచోట తడిక కట్టి, గట్టు మన్నంతా మళ్ళీ గోడవారకే మోసి, దిమ్మిసతో కొట్టి, గోడ దగ్గర ఎత్తుగా, వీధి దగ్గర పల్లంగా వాటం తీసింది అసిరితల్లి. గురువమ్మ తులసికోట పక్కన కూర్చుని చూసింది. పని అయ్యాక చెంబుడు నీళ్ళు గోడ మొదట పోయించింది. నీళ్ళు ఎక్కడా ఆగకుండా వాకిలి దాటి వీధిలో పడ్డాయి. పెరటి గదిలోంచి నరసాయమ్మ, "కోట పోయిందటే? నా కిరీటం ఏం చెయ్యను?" అంది.

పడమటి దిక్కున మళ్ళీ నల్లగా కమ్ముతోంది. అసిరితల్లి గునపం ఎక్కడుందో వెతుక్కుంది. గట్టులేని వాకిలి బోసిగా, బట్టలు లేనట్టుగా కనిపించింది ఆమెకు.

"మళ్ళీ వస్తుందమ్మా" అంది.

గురువమ్మ గిడుగు అందుకుని లేచింది.

"రానీ. పోవడానికి దారుంది గదా."