ఎలీశమ్మ పొయ్యి దగ్గర కాగిన డప్పు

అనగా అనగా, ఏరు ఎత్తున, ఊరు పల్లాన ఉన్న ఒక రాజ్యం. ఆ రాజ్యంలో దిగువలంక అని ఒక పల్లె.

ఏటికీ ఊరికీ నడుమ కొండచిలువలా పడుకుని ఒక కరకట్ట. ఏనాటి రాజుగారో మట్టితో పోయించారు. కట్ట నిలిస్తే ఊరు నిలిచినట్టు. కట్ట తెగితే ఊరు మునిగినట్టు. అందుకని కట్ట మీద ఒక పాక, పాకలో ఒక డప్పు, ఆ డప్పుకు ఒక మనిషి. డప్పు మోగిందా, అన్నం ముందున్నవాళ్ళు అన్నం వదిలి, జోల పాడేవాళ్ళు జోల ఆపి, తట్టా పారా పట్టుకుని కట్ట ఎక్కాలి. అదీ ఆ ఊరి కట్టుబాటు.

ఆ డప్పు దీవెనమ్మది. తండ్రి పోయాక ఆయన చోట నిలబడింది. వయసు చిన్నది, చూపు చురుకు, నోరు ఇంకా చురుకు. కట్టకు నీరు ఊరితే ఏం చూడాలో తండ్రి నేర్పాడు. ఊట తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి. మట్టి రంగుకు తిరిగితే కట్ట లోపల కరిగిపోతున్నట్టే, ఇక డప్పు అందుకోవాలి.

ఒక వానాకాలం ఏరు పొంగింది. దీవెనమ్మ డప్పు కొట్టింది. ఊరంతా పరుగెత్తి వచ్చింది. వచ్చేసరికి నీరు తీసింది. మళ్ళీ పొంగింది, మళ్ళీ కొట్టింది, మళ్ళీ తీసింది.

జక్రయ్య మామ ఖాళీ తట్ట నెత్తిన బోర్లించుకుని, "ఏమ్మా దీవెనా! ఏట్లో కప్ప తుమ్మినా డప్పు కొట్టేస్తావా?" అన్నాడు. కట్ట మీదున్నవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వు దీవెనమ్మ గుండెలో ముల్లులా దిగింది.

మూడోసారి ఏరు పొంగిన రోజున, కట్ట పక్కన ఒక ఎండ్రకాయ బొరియ లోంచి నీరు ఊరుతోంది. మట్టి రంగు నీరు! దీవెనమ్మ పుల్ల ఎత్తింది. ఎత్తిన డప్పు పుల్ల అలాగే ఆగింది. జక్రయ్య మామ నవ్వు చెవిలో మోగింది.

"కాసేపు కాళ్ళు తడవనీ వీళ్ళకి. నా డప్పు విలువేంటో అప్పుడు తెలిసొస్తుంది" అనుకుంది. పుల్ల దించేసింది.

కాసేపే అనుకుంది. కాని ఏరు ఆమె కొలతకు ఆగుతుందా? బొరియ పగిలింది, గండి పడింది, ఏరు ఊళ్ళోకి దూకింది. మనుషులు ప్రార్థన మందిరం ఉన్న దిబ్బ మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పంట పోయింది. గుడిసెలు పోయాయి. పొరుగున ఉండే ఎలీశమ్మకు మొగుడూ లేడు, బిడ్డలూ లేరు, ఉన్నవల్లా రెండు పాడిగేదెలు. అవి కట్టుకొయ్యకు కట్టినవి కట్టినట్టే మునిగిపోయాయి.

నీరు తీశాక దీవెనమ్మ గండి ఒడ్డున కూలబడింది. బురదలోంచి ఎండ్రకాయ బయటికొచ్చింది. కళ్ళు రెండూ పుల్లల్లా నిక్కబెట్టి చూసింది.

"చూసినవాళ్ళు లేరుగా తల్లీ! వాన హోరులో డప్పు వినపడలేదని చెప్పెయ్" అంది.

దీవెనమ్మ అలాగే చెప్పింది. అంతా నమ్మారు. "పాపం, ఒక్కతీ ఎంతసేపు కొట్టిందో!" అని జాలిపడ్డారు. ఎలీశమ్మ అయితే తనకున్న గుప్పెడు బియ్యమూ వండి ఆమెకే తెచ్చి పెట్టింది. ఆ మెతుకులు దీవెనమ్మ గొంతు దిగలేదు.

ఆదివారం మందిరంలో పాట ముగిసింది. దీవెనమ్మ లేచి నిలబడింది. అందరి ముందూ చెప్పేసింది. "డప్పు వినపడకపోవడం కాదు. నేను కొట్టలేదు. పౌరుషానికి పోయి కొట్టలేదు."

జక్రయ్య తల దించుకున్నాడు. ఎలీశమ్మ మాత్రం పైట నోట్లో కుక్కుకుని లేచి వెళ్ళిపోయింది. చాలా రోజులు దీవెనమ్మ మొహం చూడలేదు. ప్రార్థనలో మోకరించి దేవుడితో పోట్లాడింది, ఏడ్చింది, మళ్ళీ పోట్లాడింది. చివరికి ఒక ఉదయం తానే పాకకు వచ్చింది.

"ఒసేయ్ దీవెనా! నా గేదెలు గుర్తొస్తే నిన్ను నరకాలనిపిస్తుంది, దాచేదేముంది! కాని నా తప్పులన్నీ మోసి సిలువెక్కినవాడు నీ తప్పు కూడా మోశాడంటున్నాడు. ఆయనతో వాదించి నేను గెలవలేకపోయాను. క్షమించాను పో. రా, అన్నం తిందువుగాని."

ఎంత పెద్ద మాట అది! పండగ చేసుకోవలసిన మాట. కాని ఎలీశమ్మ అటు వెళ్ళిందో లేదో, ఇటు ఎండ్రకాయ వచ్చింది. కొత్తగా పోసిన కట్టలోనే మళ్ళీ బొరియ తవ్వుకుంటోంది. డెక్కలకు తడిమట్టి అంటుకుని ఉంది.

"ఆవిడ మంచిది కాబట్టి అంది. నువ్వు మాత్రం ఎలా ఒప్పుకుంటావమ్మా?" అంది. "ఆ చేత్తో మళ్ళీ డప్పు ముట్టుకుంటావా? సిగ్గులేదూ? నీలాంటిది బతుకంతా ఏడవాలి. అదీ అసలైన పశ్చాత్తాపం."

మాట వినడానికి ఎంత భక్తిగా ఉందో! దీవెనమ్మ నమ్మేసింది. డప్పును పాక చూరులోకి తోసేసింది. గోనెపట్టా కప్పుకుని మందిరం మెట్ల మీద కూర్చుంది. లోపలికి రాదు, పాట పాడదు, పనిలోకి పోదు. పొద్దస్తమానం ఒకటే ఏడుపు.

"అబ్బ, ఎంత పశ్చాత్తాపమో!" అనుకునేవారు వచ్చేపోయేవాళ్ళు. పొరుగూరి నుంచి కూడా వచ్చి చూసి వెళ్ళేవారు. ఆ మాట చెవిన పడితే దీవెనమ్మ ఇంకాస్త గట్టిగా ఏడ్చేది.

ఎలీశమ్మ మాత్రం మధ్యాహ్నం కాగానే మెట్లకు ఎదురుగా ఉన్న తన అరుగు మీద రెండు కంచాలు పెట్టేది. "రావే, చల్లారిపోతోంది!" అని కేకేసేది. దీవెనమ్మ తల అడ్డంగా ఊపేది. రెండో కంచం కాకులు తినిపోయేవి.

ఏడాది తిరిగింది. డప్పు పట్టేవాళ్ళు లేరు. జక్రయ్య ఒకసారి పట్టి చూశాడు. చాప దులిపినట్టుందని ఆయన పెళ్ళామే చెవులు మూసుకుంది. "ఆ అమ్మాయి మనసు కుదుటపడ్డాక తనే పడుతుందిలే" అని ఊరుకున్నారు.

వానాకాలం మళ్ళీ వచ్చింది. ముసురు పట్టింది. ఏరు ఎర్రగా, ఎత్తుగా, కట్ట అంచు దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం దీవెనమ్మ మనసు ఆగక కట్ట దాకా నడిచింది. ఎండ్రకాయ బొరియ కుండ మూతి అంత అయింది. అందులోంచి నీరు బుసబుస పొంగుతోంది. మట్టి రంగు నీరు!

ఆమె కళ్ళు చూరులోని డప్పు మీదికి పోయాయి.

"ఏయ్!" అంది ఎండ్రకాయ. "నువ్వా? నువ్వు కొడితే ఎవరు వస్తారు? ముంచినదానివి, మళ్ళీ నువ్వే లేపుతావా? పో, పోయి నీ మెట్ల మీద ఏడువు. దేవుడు చూసుకుంటాడు."

దీవెనమ్మ పరుగెత్తింది. డప్పు దగ్గరికి కాదు, మెట్ల దగ్గరికి! బోర్లా పడి, "ప్రభువా, నేను తగను, నేను తగను" అని నుదురు రాతికి కొట్టుకుంది.

ఎదురరుగు మీద కంచాలు పెడుతున్న ఎలీశమ్మ ఆ వాలకం చూసి వానలోనే వచ్చింది. "ఏమైందే?"

"మట్టి నీరు అత్తా! బొరియలోంచి మట్టి నీరు పొంగుతోంది!"

"మరి డప్పేదీ?"

"నేనా? నా చేత్తోనా? నేను తగను అత్తా."

ఎలీశమ్మ ఆమె జబ్బ పట్టుకుని ఒక్క ఊపున నిలబెట్టింది. "నిరుడు పౌరుషంతో కొట్టలేదు. ఈ ఏడు ఏడుపుతో కొట్టవా? ఏటికి ఈ రెంటికీ తేడా తెలుసా, పిచ్చిదానా! నిరుడూ నీ గురించే ఆలోచించావు, ఇప్పుడూ నీ గురించే ఆలోచిస్తున్నావు. ఊరి గురించి ఎప్పుడు ఆలోచిస్తావే?"

దీవెనమ్మ ఏడుపు టక్కున ఆగింది.

"యేసయ్య శిష్యుల్లో ఇద్దరు ఆయనకు ద్రోహం చేశారు, విన్నావు కదా" అంది ఎలీశమ్మ. "ఇద్దరూ కుమిలిపోయారు. వెండి నాణేలకు ఆయన్ని పట్టిచ్చినవాడు ఆ కుమిలిపోవడంలోనే పడి చచ్చాడు. చలిమంట దగ్గర ఆయనెవరో ఎరగనన్న జాలరి మాత్రం, చచ్చి తిరిగి లేచిన ఆయన ఒడ్డున కనపడగానే నీళ్ళలోకి దూకి మరీ వెళ్ళాడు. అక్కడ యేసయ్య నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, అన్నం పెట్టి, అప్పుడేం చేశాడు? శిక్ష వేశాడా? తన గొర్రెల్ని మేపమని పని అప్పగించాడు! నువ్వు తగవని నీకు తెలిస్తే ఆయనకు తెలియదా? తెలిసే పిలుస్తున్నాడు. లే!"

దీవెనమ్మ గోనెపట్టా విసిరికొట్టింది. పాక దాకా పరుగెత్తి చూరులోంచి డప్పు లాగింది. ఒక్క దెబ్బ వేసింది. బొద్దుమని తడిగుడ్డ చప్పుడు. ఏడాదిగా చెమ్మ తాగి చర్మం సాగిపోయింది. మంట దగ్గర కాచి బిగిస్తే తప్ప డప్పు పలకదు. ఆ ముసురులో మంట ఎక్కడ దొరుకుతుంది?

ఆ దగ్గరలో రాజుకుని ఉన్నది ఒక్క పొయ్యే. ఏ ఇంటి గేదెలను తాను ముంచిందో, ఆ ఇంటి పొయ్యి. దీవెనమ్మ గడప ముందు ఆగింది.

"ఆగావేం? రా లోపలికి!" అని గదిమింది ఎలీశమ్మ. తన చూరులోంచి ఎండు తాటాకు పీకి పొయ్యిలో వేసింది. మంట భగ్గుమంది. దీవెనమ్మ డప్పును తిప్పి తిప్పి కాచింది. చర్మం బిగుస్తుంటే, ఎలీశమ్మ రెండో కంచంలోంచి ముద్ద కలిపి ఆమె నోట్లో పెట్టింది.

"తిను. ఏడాదిగా పెడుతున్నాను, ఒక్క మెతుకైనా ముట్టావా? క్షమించాను రావే అంటే రాకపోతే, నన్ను అవమానించినట్టు కాదుటే?"

ఈసారి ముద్ద గొంతు దిగింది. దానితోపాటు ఏడాది బరువేదో దిగిపోయింది.

కట్ట మీదికి వచ్చి దీవెనమ్మ పుల్ల ఎత్తింది. మొదటి దెబ్బ జారింది. "నవ్వుతారు!" అంది ఎండ్రకాయ. రెండో దెబ్బ అంచుకు తగిలింది. "నువ్వు తగవు!" అంది ఎండ్రకాయ.

"తగను! అయినా పిలిచాడు!" అని అరిచి దీవెనమ్మ మూడో దెబ్బ వేసింది.

ఫెళ్ళుమంది డప్పు! పిడుగు పడ్డట్టు, తలుపులు అదిరేట్టు, ఏటి అవతలి ఒడ్డు తిరిగి పలికేట్టు! ఆ తర్వాత ఆమె చెయ్యి ఆగలేదు.

తలుపులు తెరుచుకున్నాయి. నవ్వారా? ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు. అందరికంటే ముందు రొప్పుతూ వచ్చింది జక్రయ్య మామే. "కొట్టు తల్లీ, కొట్టు! కప్ప తుమ్మినా కొట్టు!" అంటూ గడ్డిమోపుతో సహా బొరియ మీద పడ్డాడు. వెనక తాటిదుంగలు వచ్చాయి, మట్టి తట్టలు వచ్చాయి, ముసలివాళ్ళు వచ్చారు, పిల్లలు చెంబులతో మన్ను తెచ్చారు. డప్పు దరువుకు తట్టలు చేతులు మారాయి. పొద్దు వాలేవేళకు ఊట సన్నబడింది, తేటబడింది, ఆగింది. మబ్బు చీల్చుకుని ఎండ పొడిచింది. కట్ట నిలిచింది! ఊరు నిలిచింది! బురద మొహాలతో అక్కడే నిలబడి స్తోత్రగీతం ఎత్తుకున్నారు. దీవెనమ్మ దానికి దరువేసింది.

సంగతి తెలిసి రాజుగారు ఏనుగు మీద వచ్చారు. "కట్ట కాపాడిన పిల్ల ఎవరు? ఏం కావాలో కోరుకో!" అన్నారు.

దీవెనమ్మ చేతులు జోడించింది. "మహారాజా, ముందు ఒక మాట. నిరుడు డప్పు కొట్టక ఊరు ముంచిందీ నేనే."

రాజుగారు కనుబొమలు ముడిచారు. "చిక్కే వచ్చిందే! అయితే ఇప్పుడు నీకు శిక్ష వెయ్యాలా, బహుమానం ఇవ్వాలా?"

"శిక్ష ఒకాయన ఎప్పుడో మోసేశాడు మహారాజా" అని అడ్డొచ్చింది ఎలీశమ్మ. "దీనికిక మిగిలింది పనే."

రాజుగారు ఆ మాటకు పకపకా నవ్వారు. "సరే, మరి బహుమానం?"

"రెండు పాడిగేదెలు ఇప్పించండి. నాకు కాదు, మా అత్తకి."

ఆ సాయంత్రమే మెడలో గంటలు కట్టిన రెండు గేదెలు దిగువలంక వీధిలో ఊరేగాయి. ముందు డప్పు కొడుతూ దీవెనమ్మ, వెనక పగ్గాలు పట్టుకుని, పైటతో కళ్ళు ఒత్తుకుంటూ, "మెల్లిగా కొట్టవే, బెదురుతాయి!" అని కసురుతూ ఎలీశమ్మ!

మరుసటి వానాకాలం ఎండ్రకాయ మళ్ళీ వచ్చింది. కట్ట అంచున కూర్చుని, "ఏం దీవెనా, చేసింది గుర్తుందా?" అంది.

"ఎందుకు లేదూ! అందుకేగా రోజూ నీ బొరియ వెతుక్కుంటూ వస్తున్నాను" అంది దీవెనమ్మ. గుప్పెడు బంకమట్టి తీసి బొరియలో కూరి, మడమతో గట్టిగా తొక్కింది. డప్పు చంకన పెట్టుకుని, ఎలీశమ్మ అన్నానికి పిలుస్తుంటే కట్ట దిగిపోయింది.

కాబట్టి పిల్లలూ, తప్పు చేస్తే దేవుని ముందు ఒప్పుకోండి, ఆయన క్షమిస్తే కాదనకండి, కూర్చుని ఏడవకుండా లేచి ఆ తప్పిన పనినే మళ్ళీ చేతపట్టండి, పశ్చాత్తాపమంటే అదే.