పునుగుపిల్లి ఇంటి కంపు

అనగనగా అనగానే మీకు అడవి గుర్తొస్తుంది కదా? ఈ అడవిలో బడి కూడా ఉంది. మూతి ముడవకండి, పరీక్షలేమీ పెట్టను.

ఒకరోజు తాబేలు పంతులుగారు పునుగుపిల్లి అవ్వను బడికి పిలిచారు. అవ్వకు తోక సగమే ఉంది. వాసన మాత్రం రెండింతలు. ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలంతా ముక్కులు మూసుకున్నారు. కుందేలుపిల్ల ఒక్కతే మూసుకోలేదు.

"తోడేళ్ళ కాలం గురించి చెప్పండి అవ్వా," అన్నారు పంతులుగారు.

అవ్వ చెప్పిన కథ ఇదీ.

అవ్వ పడుచుగా ఉన్నప్పుడు అడవిని తోడేళ్ళు ఏలేవి. ఒకనాడు అవి చాటింపు వేశాయి. "కుందేళ్ళు మన అడవివాళ్ళు కారు. కనబడితే పట్టివ్వండి. దాచినవాళ్ళకూ చావే!"

కుందేళ్ళు చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. చెవులు పొడుగు, అంతే.

ఒక తల్లి కుందేలు కూతుర్ని వెంటబెట్టుకుని పరుగెత్తింది. ముందు జింక ఇంటికి వెళ్ళింది.

"అయ్యో వదినా, మాకూ పిల్లలున్నారు," అంది జింక.

"మా చెట్టు మీద చోటెక్కడిది?" అన్నాడు కోతి. చెట్టంతా ఖాళీగానే ఉంది.

"రేపు రా," అంది నెమలి. తోడేళ్ళు ఆ రాత్రే వస్తాయని నెమలికి తెలుసు.

చివరికి పునుగుపిల్లి బొరియ దగ్గరికి వచ్చారు.

"లోపలికి రండి. కంపు భరించాలి మరి," అంది పునుగుపిల్లి.

"ప్రాణం పోవడం కంటే కంపే నయం అక్కా," అంది తల్లి కుందేలు.

తోడేళ్ళకు ముక్కంటే మహా గర్వం. ఏది వెతకాలన్నా ముక్కుతోనే. కళ్ళతో వెతకడం వాటికి నామోషీ. అందుకని పునుగుపిల్లి తన వాసనను గుమ్మానికి రోజూ పూసేది. కుందేళ్ళకూ పూసేది.

"కాస్త స్నానం చెయ్యవే తల్లీ!" అని ఇరుగుపొరుగు తిట్టారు. తర్వాత పలకరించడమే మానేశారు. అయినా ఆమె పూయడం మానలేదు.

మొదటిసారి తోడేళ్ళు వచ్చి తుమ్ముకుంటూ పోయాయి. రెండోసారి దూరం నుంచే వెనుదిరిగాయి. మూడోసారి ఒక ముసలి తోడేలు వచ్చింది. దానికి జలుబు! ఏ వాసనా తెలియదు. తల లోపలికి దూర్చి చూడబోయింది.

పునుగుపిల్లి గబుక్కున బొరియకు అడ్డం పడింది. తల లోపల, తోక బయట.

"బయటికి రా! లోపల ఎవరు?"

"నేనే! సగం కనబడుతూనే ఉన్నాగా?"

తోడేలు ఆమె తోకను పళ్ళతో పట్టి లాగింది. పునుగుపిల్లి గోళ్ళు నేలలో దించి కదల్లేదు. తోక సగానికి తెగింది. తోడేలుకు వాసన తెలియలేదు కానీ రుచి బాగా తెలిసింది. "థూ!" అని ఉమ్ముతూ వాగు వైపు పరుగెత్తింది. మళ్ళీ ఆ ఇంటివైపు రాలేదు. తోడేళ్ళు అడవి విడిచి పోయేదాకా తల్లీకూతుళ్ళు ఆ బొరియలోనే ఉన్నారు.

కథ అయిపోయింది.

"మేమైతే మేమూ దాచేవాళ్ళం!" అని పిల్లలంతా అరిచారు. అందరికంటే గట్టిగా కోతిపిల్ల అరిచాడు.

అవ్వ నవ్వింది. "మీ తాత కూడా ఇలాగే అన్నాడు నాయనా. తోడేళ్ళు పోయాక."

మూలనున్న ముంగిసపిల్ల మెల్లగా అంది, "నాకైతే భయమేసేది అవ్వా. దాచేదాన్నో లేదో."

అవ్వ దాని వైపు తిరిగింది. "నాకూ భయమేసిందే. కాళ్ళు గజగజా వణికాయి. ఆ వణికే కాళ్ళతోనే గుమ్మంలో అడ్డం పడ్డాను."

కుందేలుపిల్ల వచ్చి అవ్వను ఆనుకుని కూర్చుంది. "మా అమ్మమ్మే ఆ కూతురు. ఇప్పటికీ ఈ వాసన ఉంటేనే ఆమెకు నిద్ర పడుతుంది," అంది.

పిల్లలు ఒక్కొక్కరే ముక్కుల మీద నుంచి చేతులు తీశారు. కోతిపిల్లకు మాత్రం తుమ్మొచ్చింది. పోనీలెండి, అలవాటు కావాలిగా.

నీతి: భయం పోయాక సాయం చేద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది, భయపడుతూనే అడ్డు నిలిచినవాళ్ళ వల్లే ప్రాణాలు నిలుస్తాయి.