వెయ్యి హంసల తెర

ఆర్నెల్ల పని మూడో రోజుకే అయిపోయిందని వినగానే రాజముద్ర వేసే పేరయామాత్యుడు స్వయంగా బయల్దేరాడు. వెళ్ళి చూస్తే రాణిగారి తెర మీద వెయ్యి హంసలూ ఉన్నాయి, ఈక తేడా లేకుండా. అద్దకాల సూరమ్మ చేతిలో హంసను చెక్కిన కొయ్య అచ్చు కనబడింది. ఆయన ఆవిడను తెరతో సహా సభకు ఈడ్పించాడు.

"ప్రభూ, ఇవి గీసినవి కావు, అచ్చు గుద్దినవి. చేత్తో గీయనిది చెల్లదు. ఈ మోసానికి దీని బొటనవేలు కోయించండి."

సూరమ్మ కొంగుముడి విప్పి, తనకు పనిచెప్పిన ఆజ్ఞాపత్రం తీసింది.

"మారాజా, దీనికింద సింహం బొమ్మ తమరు చేత్తో గీసిందేనా?"

"నేనెందుకు గీస్తాను? పేరయగారు ముద్ర గుద్దుతారు."

"అయితే ఇదీ చెల్లదు కదండీ. నేను గుద్దింది మూడు రోజులే. అయ్యగారు ముప్పై ఏళ్ళుగా గుద్దుతున్నారు. ముందు ఎవరి వేలు కోయిస్తారు?"

సభంతా పేరయామాత్యుడి బొటనవేలి వంక చూసింది. పొద్దుటి ముద్ర లక్క ఇంకా దానికి అంటుకునే ఉంది. ఆయన చేయి మెల్లగా ఉత్తరీయం కిందికి జారుకుంది.